కూరలో పసుపు, గోలీలో పసుపు

సంక్రాంతి దాటితే నిజామాబాద్ జిల్లా మాక్లూర్ మండలంలో పసుపు తవ్వకాలు మొదలవుతాయి. తవ్విన దుంపల్లోంచి కొమ్మును, మండను వేరు చేస్తారు. ఉడకబెట్టి, కల్లంలో పది పదిహేను రోజులు ఎండబోస్తారు. తర్వాత డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెడతారు. అయిదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండేసరికి దాదాపు ఒక క్వింటాల్ మిగులుతుంది. తొమ్మిది నెలల పంట ఇది. దీని ధర కోసం, బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానం నుంచి 178 మంది రైతులు పోటీకి నిలబడ్డారు. చివరికి 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది.

మార్కెట్ యార్డుకు చేరిన పసుపు అక్కడి నుంచి రెండు దారులు పడుతుంది. ఒకటి వంటింటి దారి. రెండోది ఫ్యాక్టరీ దారి. అక్కడ పసుపులోంచి కుర్కుమిన్ అనే పదార్థాన్ని తీసి, బాగా చిక్కబరిచి, క్యాప్సూల్‌లో నింపుతారు. ఆ సీసా కొన్నాళ్లకు నిజామాబాద్ ఖలీల్‌వాడి మందుల షాపులోకీ, ఫోన్‌లో వచ్చే ప్రకటనలోకీ చేరుతుంది. మోకాళ్ల నొప్పికి, షుగర్‌కు, రోగనిరోధక శక్తికి అని దాని మీద రాసి ఉంటుంది. మాక్లూర్‌లో పసుపు పండించిన అవ్వ దాన్ని కొని, ‘మన పసుపే కదా, ఏం చేస్తది?’ అని మింగుతుంది. చాలామందికి నిజంగానే ఏమీ చేయదు, మంచీ చేయదు, చెడూ చేయదు. కొద్దిమందికి మాత్రం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఒకే దుంప వంటింట్లో అంత నెమ్మదిగా ఉండి సీసాలో అలా ఎందుకు మారుతుందో తెలిస్తే, మిగతా ఆకులు, పసరులు, పొడుల సంగతి అర్థం కావడం పెద్ద కష్టం కాదు.

లెక్కతో మొదలుపెడదాం. ఎండిన పసుపులో కుర్కుమిన్ రకాన్ని బట్టి నూటికి రెండు నుంచి అయిదు పాళ్లు ఉంటుంది. కోళికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన ‘ప్రగతి’ లాంటి కొత్త రకాల్లో అయిదు దాకా వస్తుంది, పాత రకాల్లో తక్కువ. చెంచా పసుపు సుమారు మూడు గ్రాములు. నలుగురున్న ఇంట్లో రోజుకు చెంచా పసుపు కూరల్లో పడిందనుకుంటే, మనిషి వంతుకు ముప్పావు గ్రాము వస్తుంది. అందులో కుర్కుమిన్ ఇరవై, ముప్పై మిల్లీగ్రాములు. ఆహారంలో కలిపే పదార్థాలను పరీక్షించే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం శరీర బరువులో కిలోకు రోజుకు మూడు మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదని చెప్పింది. అరవై కిలోల మనిషికి అది 180 మిల్లీగ్రాములు. అంటే మన వంటిల్లు ఆ గీతకు చాలా కిందే ఉంది. జలుబు చేసినప్పుడు పాలలో అర చెంచా వేసుకున్నా దాటదు.

ఇప్పుడు క్యాప్సూల్ చూడండి. 500 మిల్లీగ్రాములు, 95 శాతం కుర్కుమిన్ అని సీసా మీద ఉంటే, ఒక గోలీలో 475 మిల్లీగ్రాములు ఉన్నట్టు. అంత కుర్కుమిన్ పసుపు పొడి రూపంలో కావాలంటే పదిహేను గ్రాములు, అంటే అయిదు చెంచాలు తినాలి. రోజుకు రెండు గోలీలంటే పది చెంచాలు. మన నాయినమ్మలు ఎవరూ పది చెంచాల పసుపు తినలేదు. ‘వేల ఏళ్లుగా వాడుతున్నాం’ అనే మాట కూరలో చిటికెడు పసుపుకు సాక్ష్యం అవుతుంది, క్యాప్సూల్‌కు కాదు. క్యాప్సూల్ వయసు కొన్ని దశాబ్దాలే.

లెక్కలో రెండో సగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కుర్కుమిన్ నీళ్లలో కరగదు. తిన్నదాంట్లో చాలా భాగం పేగుల్లోంచి అలాగే బయటికి పోతుంది. కొంచెం లోపలికి వెళ్లినా పేగు గోడ, కాలేయం కలిసి దానికి గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి వెంటనే బయటికి తోసేస్తాయి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు మనుషులకు రెండు గ్రాముల కుర్కుమిన్ ఇచ్చి రక్తం చూశారు. రక్తంలో అది దాదాపు కనిపించలేదు. అదే కుర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపెరిన్ ఇరవై మిల్లీగ్రాములు ఇస్తే, రక్తంలోకి చేరింది ఇరవై రెట్లు పెరిగింది. అప్పటి నుంచి సీసాల మీద ‘మిరియాల సారంతో’ అనే మాట గొప్పగా వెలుగుతోంది.

గొప్ప సరే, కానీ పైపెరిన్ చేసే పని ఏమిటి? వాకిట్లో కావలి మనిషిని నిద్రపుచ్చడమే. కావలి మనిషి పడుకుంటే కుర్కుమిన్ ఒక్కటే లోపలికి రాదు, వెనకాల వచ్చే ప్రతి మందూ వస్తుంది. కొన్ని బీపీ గోలీలు, ఫిట్స్ మందులు, మరికొన్ని మందులు కాలేయంలో సరిగా విరగక, రక్తంలో లెక్కకు మించి నిలుస్తాయి. మిరియాల చారుకు భయపడొద్దు. చారులో మిరియాల సారం వచ్చేది కొద్దిగా, దాంతో పాటు కుర్కుమిన్ రెండు గ్రాములు ఎవరూ తాగరు. ప్రమాదం కలయికలో కాదు, మోతాదులో ఉంది.

పసుపు ఒంటికి పట్టకపోవడాన్ని ఇన్నాళ్లూ దాని లోపం అనుకుంటూ వచ్చాం. నా మట్టుకు అదే దాని మంచితనం. తరతరాలు రోజూ తిన్నా ఎవరికీ ఏమీ కాలేదంటే, అది రక్తంలోకి సరిగా వెళ్లలేదు కాబట్టే. ఆ లోపాన్ని సరిచేసినప్పుడు మనం ఆహారాన్ని మందుగా మార్చాం. మందుకు ఉండే దుష్ఫలితాలు కూడా అప్పుడే వచ్చాయి.

వచ్చాయనడానికి సాక్ష్యం ఉంది. మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను నమోదు చేసే అమెరికా వైద్యుల బృందం 2011 నుంచి 2022 వరకు పసుపు గోలీలతో ముడిపడిన పది కేసులను వివరంగా చూసింది. అయిదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. వాళ్లు వాడిన ఏడు సీసాలను పరీక్షిస్తే అన్నింటిలోనూ పసుపు ఉంది, మూడింటిలో పైపెరిన్ కూడా ఉంది. పది మందిలో ఏడుగురిలో హెచ్ఎల్‌ఏ-బి 35:01 అనే ఒకే జన్యు గుర్తు కనిపించింది. ఆ గుర్తు ఉన్నవాళ్ల రోగనిరోధక వ్యవస్థ పొరపాటున తమ కాలేయం మీదికే తిరగబడుతుందని పరిశోధకుల అనుమానం. ఇటలీలో 2019లో ఇలాంటి హెపటైటిస్ కేసులు గుంపుగా బయటపడ్డాయి. ఫ్రాన్స్ ఆహార భద్రతా సంస్థ 2022లో అరవై కిలోల మనిషి గోలీల రూపంలో రోజుకు 153 మిల్లీగ్రాములు దాటొద్దని హద్దు పెట్టింది. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ 2023 ఆగస్టులో హెచ్చరిక జారీ చేసింది.

ఇవి కోట్లమంది వాడే వస్తువుకు చాలా తక్కువ కేసులు, ఒప్పుకోవాలి. కానీ ఆ తక్కువ మందిలో మనం ఉన్నామో లేదో చెప్పే పరీక్ష మాక్లూర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లేదు, నిజానికి ఎక్కడా మామూలుగా చేయరు. ఒంట్లోంచి వచ్చే సంకేతాలే మిగిలాయి. గోలీలు మొదలుపెట్టిన నెల నుంచి నాలుగు నెలల లోపు ఆకలి చచ్చిపోవడం, నీరసం, మూత్రం చిక్కటి పసుపు కావడం, ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడటం. వీటిలో ఏది కనిపించినా సీసా పక్కన పెట్టి రక్తపరీక్ష చేయించాలి. సీసాను పారేయొద్దు, డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లాలి.

రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు, ముఖ్యంగా గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు, పసుపు గోలీల జోలికి పోకూడదు. న్యూజిలాండ్‌లో వార్ఫరిన్ మీద ఉన్న ఒక రోగి పసుపు గోలీలు మొదలుపెట్టాక, రక్తం గడ్డకట్టే గుణాన్ని కొలిచే ఐఎన్ఆర్ పది దాటింది. సాధారణంగా వాళ్లలో అది రెండు మూడు మధ్య ఉంచుతారు. షుగర్ గోలీలు వేసుకునేవాళ్లలో చక్కెర మరీ కిందికి దిగొచ్చు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకు కుర్కుమిన్ పిత్తాశయాన్ని గట్టిగా పిండుతుంది, నొప్పి లేస్తుంది. మూత్రంలో ఆక్సలేట్ పెంచే గుణం పసుపుకు ఉంది కాబట్టి కిడ్నీ రాళ్ల చరిత్ర ఉన్నవాళ్లూ ఆలోచించాలి. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ఇలాంటి గోలీలు అన్నీ ఆపమని వైద్యులు చెబుతారు.

పసుపు పనికిరాదనడం కూడా అబద్ధమే. 2023లో థాయ్‌లాండ్ పరిశోధకులు అజీర్తితో బాధపడే 206 మందిని తీసుకుని, కుర్కుమిన్‌ను ఒమెప్రజోల్‌తో పోల్చారు. 28 రోజుల తర్వాత రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. మోకాళ్ల అరుగుదల నొప్పికి కొంత ఉపశమనం ఉందని కొన్ని పరీక్షలు చెబుతున్నాయి. కానీ 2017లో మందుల రసాయన శాస్త్రవేత్తలు కుర్కుమిన్ మీద వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. నూట ఇరవైకి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, నిక్కచ్చిగా చేసిన ఏ ఒక్క పరీక్షలోనూ గట్టి విజయం లేదని తేల్చారు. ప్రయోగశాలలో కుర్కుమిన్ దేన్ని తాకినా పనిచేసినట్టు కనిపిస్తుంది. ప్రొటీన్లకు అంటుకుపోయే దాని స్వభావమే అందుకు కారణం, వైద్యగుణం కాదు.

పేటెంట్ గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి అమెరికా 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చింది. మన శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రాలు ముందు పెట్టి సవాలు చేసింది, 1997లో పేటెంట్ రద్దయింది. ఆ విజయాన్ని మనవాళ్లు పసుపు గాయాన్ని మాన్పుతుందని రుజువైనట్టు చెప్పుకుంటారు. పేటెంట్ కార్యాలయంలో తేలింది అది కాదు. ఈ వాడకం కొత్తది కాదని మాత్రమే తేలింది. కొత్తది కాకపోవడం వేరు, పనిచేయడం వేరు. పొలంలో తెగిన చేతికి పసుపు అద్దితే నెత్తురు ఆగినట్టు అనిపించవచ్చు, కానీ మట్టి తగిలిన గాయానికి కావలసింది సబ్బునీళ్లతో కడగడం, ధనుర్వాతం ఇంజక్షన్. పుట్టిన బిడ్డ బొడ్డుకు పసుపు పెట్టడం అసలే వద్దు. పొడి ఎంత శుభ్రంగా కనిపించినా అందులో సూక్ష్మజీవులు ఉంటాయి, బొడ్డు పచ్చిగా ఉన్నప్పుడు అవి నేరుగా నెత్తురులోకి దారి చూసుకుంటాయి.

పసుపులో పసుపు కానిది

ఇంట్లో పసుపుకు మోతాదు ప్రమాదం లేదు. కల్తీ ప్రమాదం ఉంది. ఎండిన కొమ్ముకు మెరుగు పెట్టే దశలో రంగు తేలిపోయిన సరుకును నిగనిగలాడించడానికి కొన్నిచోట్ల లెడ్ క్రోమేట్ అనే పచ్చటి రంగు కలుపుతారు. అది రోడ్ల మీద గీతలకు, పెయింట్‌కు వాడే రంగు. దానిలో ఉండేది సీసం. బంగ్లాదేశ్‌లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అక్కడి వైద్య పరిశోధన సంస్థతో కలిసి దీన్ని బయటపెట్టారు. ప్రభుత్వం వ్యాపారుల మీద జరిమానాలు వేసి ప్రచారం చేసింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతం సీసంతో ఉంటే, 2021 నాటికి అది సున్నాకు పడింది. గట్టిగా పట్టుకుంటే ఎంత తొందరగా ఆగుతుందో ఇది చూపిస్తుంది.

ఆ తర్వాత అదే స్టాన్‌ఫర్డ్ బృందం భారత్, పాకిస్థాన్, శ్రీలంక, నేపాల్‌లలో 23 నగరాల నుంచి 356 నమూనాలు సేకరించి, 2024లో ఫలితాలు ప్రచురించింది. వాటిలో 14 శాతంలో సీసం ఎక్కువగా ఉంది. పట్నాలో గ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు దాటింది. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన హద్దు గ్రాముకు పది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సీసానికి ‘ఇంత అయితే ఫర్వాలేదు’ అనే మోతాదే లేదంటుంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను తగ్గిస్తుంది, బయటికి ఏ లక్షణమూ కనిపించదు. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో 27 కోట్లకు పైగా పిల్లల రక్తంలో సీసం హద్దు దాటి ఉంది. దానికి పాత బ్యాటరీలు, రంగులు, ఇంకా చాలా కారణాలున్నాయి, పసుపు ఒక్కటే కాదు. ఎంత ఉడికించినా సీసం పోదు.

ఈ విషయంలో మాక్లూర్, ఆర్మూర్, వేల్పూర్, బాల్కొండ వాళ్లు అదృష్టవంతులు. హైదరాబాద్ వాళ్లకు దొరకనిది వీళ్లకు ఇంటి ముందే దొరుకుతుంది. తెలిసిన రైతు దగ్గర మెరుగు పెట్టని కొమ్ము కొని, కడిగి, ఎండబెట్టి, గిర్నిలో పట్టించుకుంటే ఏడాది సరిపోతుంది. చూడటానికి కొమ్ము మట్టి రంగులో మోటుగా ఉంటుంది, అదే మంచిది. మరీ బంగారంలా మెరిసే కొమ్మును చూస్తే అనుమానించాలి. పొడి కొనేవాళ్లు గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కదపకుండా వదిలేయొచ్చు. మంచి పసుపు కిందికి దిగుతూ నీటికి లేత రంగు ఇస్తుంది, రంగు కలిపినదైతే నీళ్లు చిక్కటి పచ్చగా మారతాయి. ఇది ముతక పరీక్ష. తక్కువ పాళ్లలో ఉన్న సీసాన్ని పట్టుకోలేదు.

పచ్చకామెర్లూ పసరూ

పసుపు గురించి ఇన్ని చెప్పి పచ్చకామెర్ల సంగతి వదిలేస్తే సగం చెప్పినట్టే. మన ఇళ్లలో కాలేయానికి అతి ఎక్కువగా ఆకు మందు పడేది కామెర్లప్పుడే. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, ఆదివారం పొద్దున పరగడుపున వెళ్లాలి, డబ్బులు తీసుకోరు, ఆకు పేరు చెప్పరు. కొన్నిచోట్ల కంట్లో వేస్తారు, కొన్నిచోట్ల చేతి మీద వాత పెడతారు. ఆపైన పథ్యం. ఉప్పు లేదు, నూనె లేదు, పసుపు అసలే లేదు. ఈ చివరి నిషేధానికి కారణం రంగు తప్ప మరేమీ లేదు. కళ్లు పచ్చబడేది బిలిరుబిన్ వల్ల, చితికిన ఎర్ర రక్తకణాల నుంచి వచ్చే పదార్థం అది. పప్పులో చిటికెడు పసుపుకు దానితో ఏ సంబంధమూ లేదు. వంటింటి పసుపు మానేసి, పేరు తెలియని పసరు తాగే ఇళ్లు ఎన్నో చూస్తాం. దెబ్బతిన్న కాలేయం దగ్గర భయపడాల్సింది రెండోదానికి.

పసరుకు ఇంత పేరు ఎందుకు వచ్చింది? వానాకాలంలో మురుగు కలిసిన నీళ్ల వల్ల వచ్చే కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల పని. వాటిలో చాలా మటుకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. మూడు ఆదివారాలు పసరు తాగితే తగ్గింది అంటే, మూడు వారాలు గడిచాయి కాబట్టి తగ్గింది. పోసినవాళ్లు మోసగాళ్లు కారు, చాలామంది పుణ్యానికే పోస్తారు, తమ కళ్ల ముందు తగ్గడం చూసి నమ్ముతారు. చిక్కల్లా తగ్గని కామెర్లతోనే. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, హెపటైటిస్ బి ముదిరినా, క్యాన్సర్ అయినా, వేరే మందు వికటించినా కళ్లు ఒకేలా పచ్చబడతాయి. పసరు పోసే మనిషికి వాటిని విడదీసే సాధనం లేదు. ఆ మూడు ఆదివారాల్లో చేతికందిన కాలం పోతుంది. గర్భిణికి చివరి నెలల్లో హెపటైటిస్ ఇ వస్తే నూటికి ఇరవై, ఇరవై అయిదు మంది దాకా చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆమెను ఆ ఉదయమే పెద్ద దవాఖానకు తీసుకెళ్లాలి. కామెర్లున్న మనిషి మత్తుగా పడి ఉన్నా, మాట తడబడినా, ముక్కులోంచి నెత్తురు వచ్చినా అంతే.

నేల ఉసిరి కథ కూడా ఇక్కడే చెప్పాలి. 1988లో మద్రాసు శాస్త్రవేత్త త్యాగరాజన్, హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కలిసి లాన్సెట్‌లో ఒక పరిశోధన ప్రచురించారు. నేల ఉసిరి పొడి తీసుకున్నవాళ్లలో 59 శాతం మంది నుంచి వైరస్ గుర్తు పోయింది, ఉత్తి గోలీ తీసుకున్నవాళ్లలో 4 శాతం మందికే. ప్రపంచం ఉలిక్కిపడింది. తర్వాత వేరే దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. ఒక ఆకును శాస్త్రం చిన్నచూపు చూస్తుందని నిందించేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. పట్టించుకున్నారు, గొప్ప పత్రికలో అచ్చేశారు, మళ్లీ మళ్లీ పరీక్షించారు, నిలబడలేదు.

తిప్పతీగది ఇంకో దారి. కరోనా కాలంలో కషాయం కాయని ఇల్లు లేదు. ఆ తర్వాత ముంబైలోని వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. 2022లో హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యుడు ఆనంద్ కులకర్ణి, దేశంలోని 13 కేంద్రాల వైద్యులు కలిసి 43 మంది వివరాలు ప్రచురించారు. చాలామందిలో ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ పోలికలు కనిపించాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమని, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే వేరే తీగను పొరబడి వాడి ఉంటారని చెప్పింది. ఆ వాదన నిజమైనా ఇంటికి చెప్పే సంగతి ఒకటే: కంచె మీంచి తెంపుకొచ్చిన తీగ ఏదో మనకు తెలియదు. థైరాయిడ్, కీళ్లవాతం, సోరియాసిస్ లాంటి రోగనిరోధక వ్యవస్థ తిరగబడే జబ్బు ఉన్నవాళ్లకు ‘ఇమ్యూనిటీ పెంచే’ ఏ కషాయమూ మంచిది కాదు. వాళ్ల ఇబ్బందే ఇమ్యూనిటీ ఎక్కువ కావడం.

ఆకు పోల్చుకోవడంలో పొరపాటు కంటే ఘోరం ఫోన్‌లో చూసి చేయడం. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో రెండు కుటుంబాలవాళ్లు టిక్‌టాక్ వీడియో నమ్మి, కరోనా రాకుండా ఉమ్మెత్త గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపాలమిన్‌లు కళ్లు మసకబరిచి, నోరు ఎండగట్టి, మనిషిని వెర్రివాణ్ని చేస్తాయి. గింజకు గింజకు విషం పాలు మారుతుంది, కొలత అనేదే ఉండదు.

పిల్లల సంగతికి వస్తే వస కొమ్ము గురించి చెప్పక తప్పదు. బిడ్డ వసపిట్టలా మాట్లాడాలని సాన మీద అరగదీసి నాకిస్తాం. మన దేశంలో పెరిగే వసలో బీటా-అసరోన్ అనే పదార్థం బాగా ఎక్కువ. ఎలుకల్లో అది క్యాన్సర్ తెచ్చిందని అమెరికా 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. మూడు కిలోల పసికందు అరవై కిలోల మనిషిలో ఇరవయ్యో వంతు. పెద్దవాళ్లకు ‘కొంచెం’ అయినది ఆ బిడ్డకు కొంచెం కాదు. ఇంక కర్పూరం. జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రుద్దడం, ముక్కు దగ్గర పెట్టడం మామూలే. కర్పూరం చర్మం గుండా, ఊపిరి గుండా కూడా లోపలికి వెళుతుంది. చిన్న పలుకు మింగినా కొన్ని నిమిషాల్లో పిల్లలకు ఫిట్స్ వస్తాయి. పూజ గూట్లో డబ్బా పిల్లల చేతికి అందకుండా పెట్టండి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించొద్దు, అందులోని బాట్యులిజం క్రిమి విత్తనాలు ఆ వయసు పేగుల్లో మొలకెత్తుతాయి. ముక్కులో, గొంతులో ఆముదం, నువ్వుల నూనె పోయడం వల్ల అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది.

మా జిల్లాలో బీడీలు చుట్టే అక్కలు, చెల్లెళ్లు వేలమంది. పొద్దస్తమానం వంగి కూర్చుంటారు కాబట్టి నడుము, మోకాళ్ల నొప్పులు. అంగడికి వచ్చే పొడి అమ్మేవాళ్లకు వాళ్లే గిరాకీ. ‘అడవి మూలికలు’ అని పొట్లం కట్టిన పొడి మూడు రోజుల్లో నొప్పి మాయం చేసిందంటే సంతోషించకండి. వేర్లు అంత వేగంగా పనిచేయవు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలపడం వైద్యులకు ఎప్పటి నుంచో తెలిసిన మోసం. ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం తర్వాత మెల్లగా వస్తాయి. నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపేసినా ప్రమాదమే, అందుకే డాక్టర్‌కు చెప్పి తగ్గించుకోవాలి. పేరు, తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, గడువు తేదీ లేని ఏ పొట్లమూ ఇంట్లోకి రానివ్వకండి.

గల్ఫ్‌కు వెళ్లే పిల్లలకు ఇంటి మందుల మూట కట్టే అమ్మలకు ఒక మాట. పసుపు, వాము, శొంఠి సరే, గసగసాలు మాత్రం వద్దు. దుబాయ్ ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో గసగసాలు నిషేధం, మత్తు పదార్థాల కేసు అవుతుంది.

పసుపు తవ్వకాల కాలంలో, చేనులో కాలు పెట్టిన ప్రతి చోటా పాము భయం ఉంటుంది. పాము కరిస్తే పసుపు, ఆకు పసరు, కట్టు, నోటితో పీల్చడం ఏవీ పనిచేయవు. పని చేసేది ఒక్కటే, విషానికి విరుగుడు ఇంజక్షన్. కరిచిన కాలు కదపకుండా 108కి ఫోన్ చేయండి.

పసుపు రైతు నష్టపోవాలని ఈ వ్యాసం కోరడం లేదు. కుర్కుమిన్ ఎక్కువ ఉన్న రకానికి మంచి ధర రావాలి, ఎగుమతి కావాలి. ఆ కుర్కుమిన్ గోలీగా మారి తిరిగొచ్చినప్పుడు దాన్ని మందులాగే అమ్మాలి. ఎంత మోతాదు, ఎవరు వాడకూడదు, కాలేయం గురించి ఏం గమనించాలి అనే మూడు వాక్యాలు సీసా మీద తెలుగులో ఉండాలి. పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే ఉంది, అడగడానికి దూరం పోనక్కర్లేదు.

ఈలోగా ఇంట్లో చేయగలిగింది చేయండి. డాక్టర్ ‘ఏం మందులు వాడుతున్నారు?’ అన్నప్పుడు కషాయం, పసరు, లేహ్యం, పసుపు గోలీ అన్నీ చెప్పండి, తిడతారని దాచొద్దు. మందు ఏదైనా, ఆకుదైనా, వికటించిందని అనుమానం ఉంటే 1800 180 3024 అనే ఉచిత నంబర్‌కు ఫోన్ చేసి చెప్పొచ్చు, అది మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమానిది. పిల్లలు కర్పూరం, గన్నేరు కాయ, ఉమ్మెత్త లాంటివి మింగితే ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబర్ 1800 116 117 రాత్రీ పగలూ పలుకుతుంది. ఈ రెండు నంబర్లూ వంటింటి గోడ మీద, పసుపు డబ్బా పక్కన రాసి పెట్టుకోండి.